మా పిన్ని శనివారాలు

మా పిన్ని శనివారం సాయంత్రం ఇల్లు కదిలే మనిషి కాదు. వయసులో ఉన్నప్పుడు ఒకాయన ఆమెను చేసుకుంటానని చాన్నాళ్ళు తిరిగాడట. మంచివాడు, ఉద్యోగం ఉంది, తలమీద జుట్టు కూడా ఉంది అని అమ్మ ఇప్పటికీ నిట్టూరుస్తుంది. ఒక శనివారం సాయంత్రం అలా బయటికి వెళ్దామా అని అడిగాడాయన. మంగళవారమైతే కుదురుతుందంది పిన్ని. కొన్ని మంగళవారాలు ఓపిక పట్టి, విసుగొచ్చి, శనివారాలు ఖాళీగా ఉండే మనిషిని చూసుకున్నాడు. దానికి పిన్ని విచారించినట్టు నేనెప్పుడూ చూడలేదు. అమ్మే ఆమె వంతు విచారం కూడా పడుతుంటుంది.

ఆమెది టీవీ ఛానల్లో ఉద్యోగం. తెర మీద కనబడే ఉద్యోగం కాదు. శని, ఆదివారాల్లో ఏ కార్యక్రమం ఎప్పుడు రావాలో, దేని వెనక ఏది రావాలో చూసే పని. ఆఫీసులో ఆమె గది గోడ పొడుగునా ఒక బోర్డు, దాని నిండా గుచ్చిన రంగు అట్టముక్కలు. సినిమా ఎరుపు, పాటల పోటీ పసుపు, వార్తలు నీలం. “మా మరదలు ఎర్ర ముక్కని కాస్త పక్కకి జరిపితే చాలు, ఊరంతా అరగంట ఆలస్యంగా భోంచేస్తుంది” అని నాన్న కనబడిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ‘వారాంతాల మహారాణి’ అని పేరు పెట్టింది కూడా ఆయనే. బావ వెక్కిరింపు అని పైకి మూతి తిప్పుకునేది గానీ, ఆ పేరంటే ఆమెకిష్టమే.

పిన్ని మా పై అంతస్తులో ఉంటుంది. ఆమె ఇల్లు వెనకవైపుకి, మాది రోడ్డువైపుకి. అందుకే శనివారం రాత్రి ముఖ్యమైన కార్యక్రమం మొదలయ్యే వేళకి టీ కప్పు పట్టుకుని కిందికి దిగేది. టీవీ ముందు కూర్చోవడానికి కాదు, మా బాల్కనీలో నిలబడడానికి. రోడ్డుకవతల పెద్ద ఫ్లాట్ల భవనం ఉంది. కిటికీల పలచటి తెరల వెనక టీవీల వెలుగు బయటికి తెలుస్తుంది. అందరూ ఒకే ఛానల్ చూస్తుంటే, బొమ్మ మారినప్పుడల్లా ఆ కిటికీలన్నీ ఒక్కసారే తెల్లబడతాయి, ఒక్కసారే నీలంగా అవుతాయి. భవనం మొత్తం ఒక్క మనిషిలాగా కళ్ళార్పుతుంది. పిన్ని కాసేపు అలా చూసి, లోపలికొచ్చి, “నిలబడింది” అనో “మునిగింది” అనో ఒకే ఒక్క మాట చెప్పి కప్పు కడిగేసి వెళ్ళిపోయేది.

మర్నాడు పొద్దున ఆఫీసు నుంచి వచ్చే లెక్క కూడా ఇంచుమించు అదే చెప్పేది. కొన్ని ఇళ్ళల్లో టీవీకి చిన్న పెట్టె తగిలిస్తారు. ఆ ఇంట్లో వాళ్ళు ఏ వేళకి ఏం చూశారో అది పట్టేస్తుంది. ఆ పెట్టెలన్నీ కలిపి చెప్పేదే రేటింగు. దాన్ని వాళ్ళు ‘రాత్రి లెక్క’ అంటారు. ఎవరి ప్రోగ్రాం బతికింది, ఎవరిది పోయింది అని ఆదివారం పొద్దున్నే తేలిపోవాలి. సోమవారం మీటింగులో తీసేయాల్సింది తీసేయాలి. “ఆలస్యం అమృతం విషం” అనేది పిన్ని. శనివారం రాత్రి చూడనిది ఆదివారానికి చద్దిదే అని ఆమె నమ్మకం.

ఈ మధ్య ఇంకో లెక్క మొదలైంది. వచ్చిన వేళకి కాకుండా, రికార్డు చేసుకునో ఛానల్ యాప్‌లోనో తర్వాత చూసేవాళ్ళని కూడా కలిపి, వారం ఆగి చెప్పే లెక్క. అది వచ్చేసరికి కార్యక్రమం బతుకో చావో ఎప్పుడో తేలిపోయి ఉండేది. చేతులు కాలాక ఆకులెందుకని పిన్ని దాన్ని తెరిచి కూడా చూసేది కాదు.

ఇక నాన్న సంగతి చెప్పాలి. నాన్న నటుడు. ఆ మాట వినగానే జనం ఆయన మొహంలోకి తేరిపార చూస్తారు. ఎక్కడో చూసినట్టే ఉంటుంది, ఎక్కడో మాత్రం గుర్తు రాదు. రాకపోవడం వాళ్ళ తప్పు కాదు. ఆయనవన్నీ తలుపు తీసే వేషాలు. “సార్, మీకు ఫోన్.” “అయ్యగారు లోపలున్నారండీ.” ఒక సినిమాలో కింద పడబోతున్న పూలకుండీని పట్టుకున్నాడు. అందులో ఆయన కంటే పూలకుండీ ఎక్కువసేపు కనబడుతుంది. అయినా ప్రతి వేషానికీ ముందురోజు మా ఇంటి తలుపు పదిసార్లు తీసి వేసి సాధన చేసేవాడు. అమ్మ విసుక్కుంటూనే బయట నిలబడి బెల్లు కొట్టేది.

అలాంటి మనిషికి పిలిచి పెద్ద వేషం ఇచ్చారు. ఎనిమిది వారాల కథ. దానికేదో పొడుగాటి పేరుంది, మేమంతా ‘పడవ’ అనేవాళ్ళం. నది మీద వంతెన కట్టేశారు, పడవ ఆపేయబోతున్నారు. ముసలి సరంగు రోజూ ఆఖరి పడవ నడుపుతుంటాడు. ఒక సాయంత్రం ఒకావిడ పడవెక్కుతుంది, అవతలి ఒడ్డున దిగదు. పడవలోనూ ఉండదు. ఆవిడ ఎక్కిందని సరంగు తప్ప ఇంకెవరూ చెప్పరు. ఆ సరంగు మా నాన్న. మొదట పడవలో కూర్చునే జనంలో ఒకడిగానే పిలిచారట. తాడు ముడివేసిన తీరు చూసి దర్శకుడు ఆయన్నే సరంగుని చేశాడు. ఆ ముడి కోసం నాన్న వారం రోజులు మా వంటింటి కుర్చీలన్నీ ఒకదానికొకటి కట్టేశాడని దర్శకుడికేం తెలుసు.

అది పిన్ని వాళ్ళ ఛానల్లోనే వచ్చింది. పాటల పోటీ అయిపోయి శనివారం తొమ్మిది గంటల వేళ ఖాళీ పడింది. అందులో ‘పడవ’ వెయ్యమన్నాడు వాళ్ళ పెద్దాయన. ఆ వేళకి అంత నెమ్మది కథ నిలబడదని పిన్ని చెప్పింది. అందులో సరంగు తన బావేనని కూడా చెప్పింది. “అయితే మీరే గట్టిగా చూస్తారు” అని ఆయన నవ్వేసి ఊరుకున్నాడు.

మొదటి శనివారం మా ఇల్లంతా సర్ది, కుర్చీలు వరసగా వేసి కూర్చున్నాం. నాన్న తలుపు పక్కన నిలబడ్డాడు, అలవాటు ఎక్కడికి పోతుంది. తెర మీద పొగమంచు, నీళ్ళ చప్పుడు, అందులోంచి నాన్న మొహం మెల్లిగా పెద్దదైంది. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను సంతోషంతో పిన్ని కోసం పక్కకి తిరిగాను. కుర్చీ ఖాళీ. బాల్కనీలో మాకు వీపు పెట్టి, ఎదురు కిటికీల వంక చూస్తూ నిలబడి ఉంది. నాకు ఒళ్ళు మండింది. సొంత బావ మొహం చూడ్డానికి కూడా ఆమెకి ఎదురింటి వాళ్ళ అనుమతి కావాలి.

ఆమె లోపలికొచ్చాక నాన్నే అడిగాడు. “ఏమంటున్నాయి మరదలా, నీ కిటికీలు?”

“చలిగా ఉంది బావా. సగం మంది తలుపులేసుకున్నారు” అంది పిన్ని. ఆ రోజు కప్పు కడక్కుండానే వెళ్ళిపోయింది.

రాత్రి లెక్క దారుణంగా వచ్చింది. నాన్న దాని గురించి అడగలేదు. ఆయనకి వేరే లెక్క ఉంది. ఆ వారమంతా వీధిలో ఒక్కరు కూడా ‘పడవ’ మాట ఎత్తలేదు. పూలకుండీ సినిమా వచ్చినప్పుడు కూడా నలుగురు పలకరించారు. ఇప్పుడు లిఫ్టులో ఎదురుపడిన వాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. బేకరీ ఆవిడ రొట్టె చేతిలో పెట్టి గబగబా లోపలికెళ్ళిపోయింది. సెలూన్ ఆయన నిద్రలో కూడా మాట్లాడే రకం, అలాంటివాడు నాన్న కుర్చీలో కూర్చోగానే రేడియో సౌండు పెంచాడట.

“బాగోలేదని మొహం మీద చెప్పలేక తప్పుకుంటున్నారు. మర్యాదస్తులు” అన్నాడు నాన్న. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు చూడలేక నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

రెండో శనివారం ఎదురు కిటికీలు ఇంకా ఘోరం. కొన్ని చీకటి, మిగతావి దేని దారి దానిదే. ఆదివారం పొద్దున లెక్క చూసుకుని పిన్ని కిందికొచ్చింది. ఉన్నమాట ఎక్కువకాలం దాచడం ఆమెకి చేతకాదు. “బావా, రేపు మీటింగులో పడవ తీసేద్దామంటారు. బదులుగా ఏదో పాత సినిమా వేస్తారు. నేను కాదనలేను” అంది.

“నువ్వు చెప్తే ఆగదా?” అన్నాను నేను.

“ఆగుతుంది. అందుకే చెప్పను.”

“ఆయన నీ బావ, పిన్నీ.”

“ఇన్నేళ్ళుగా నేను తీసేసిన వాళ్ళందరూ ఎవరికో ఒకరికి బావలేనే” అంది పిన్ని. నా కోపం తగ్గలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తాం అని గట్టిగానే అన్నాను.

“దాన్నేమీ అనకే. దాని పని అది చేస్తోంది” అన్నాడు నాన్న. తర్వాత ఎవరితోనూ కానట్టు, “ఆ ఎనిమిదో వారంలో ఒక సీనుంది. నేనొక్కడినే, పడవతో మాట్లాడతాను. అది బాగా వచ్చింది. అది చూస్తారనుకున్నాను” అన్నాడు. పిన్ని ఆయన వంక చూడకుండా చెప్పులేసుకుంది.

రొట్టె తేవడానికి నేను లిఫ్టెక్కితే పిన్ని కూడా వెనకే ఎక్కింది. మాట్లాడుకోవడం లేదు గానీ ఇద్దరం ఒకే లిఫ్టులో ఉన్నాం, మా ఇంట్లో కోపాలు ఇలాగే ఉంటాయి. కింది అంతస్తులో టీచరమ్మ, పళ్ళ డాక్టరుగారు ఎక్కారు. టీచరమ్మ మమ్మల్ని చూసుకోలేదు.

“డాక్టరుగారూ, రాత్రి పడవలో చూశారా, ఆ తాడు...”

“ఆగండాగండి” అంటూ డాక్టరుగారు చేతిలో పేపరు కింద పడేసి రెండు చెవులూ మూసుకున్నాడు. “చెప్పకండి, మేమింకా చూళ్ళేదు. మా ఆవిడ మధ్యాహ్నానికి డ్యూటీ నుంచి వస్తుంది. ఇద్దరం కలిసి చూద్దామని దాచుకున్నాం.”

అప్పుడు మమ్మల్ని చూసి ఇద్దరూ తప్పు చేసిన పిల్లల్లా నేల చూపులు మొదలుపెట్టారు. లిఫ్టు కిందికొచ్చింది. పిన్ని కాలు అడ్డం పెట్టి తలుపు మూసుకోకుండా ఆపింది.

“రాత్రి తొమ్మిదింటికి ఎందుకు చూడలేదు?” అంది, పోలీసు అడిగినట్టు.

డాక్టరుగారు తెల్లబోయాడు. “అప్పుడే ఎందుకు చూడాలండీ? ఎక్కడికి పోతుంది?”

పిన్ని కాలు ఇంకా తలుపుకి అడ్డంగానే ఉంది. ఆమె ఉద్యోగం మొత్తం ఆ చిన్న ప్రశ్నకి ముందుగానే చెప్పిన జవాబు. ఆ వేళకి చూడకపోతే పోతుంది, అంతే. ఇప్పుడు పోవడం లేదట.

“మరి మా నాన్న కనబడితే మొహం తిప్పుకుంటారెందుకు?” అన్నాను నేను.

టీచరమ్మ సిగ్గుపడింది. “తిప్పుకోకపోతే అడిగేస్తామమ్మా, ఆవిడ ఎక్కడ దిగిందని. అడిగితే ఆయన మంచితనం కొద్దీ చెప్పేస్తారు. మా ఇంట్లో సగం మంది బుధవారం గానీ చూడరు. అందుకే ఆయన్ని చూస్తే భయం.”

ఆ రేడియో సంగతి తేల్చుకుందామని పిన్ని తిన్నగా సెలూన్‌కి నడిచింది, రొట్టె మాట మర్చిపోయి నేనూ వెనకే వెళ్ళాను. ఆడవాళ్ళు అడుగుపెట్టని చోటు, లోపల ఉన్నవాళ్ళంతా సర్దుకు కూర్చున్నారు. అద్దం మూలన ఒక అట్టముక్క తగిలించి ఉంది. ‘ఇక్కడ పడవ గురించి మాట్లాడరాదు’ అని సెలూన్ ఆయన సొంత దస్తూరీ. ఇద్దరు బేరగాళ్ళు కథ చెప్పినందుకు కొట్లాట దాకా వచ్చిందట. “మీ బావగారు వచ్చినప్పుడు మాత్రం దాన్ని వెనక్కి తిప్పేస్తానమ్మా, బాధపడతారని” అన్నాడు. పిన్ని అక్కడే ఖాళీ కుర్చీలో కూర్చుండిపోయింది. ఆయన అలవాటుగా ఆమె మెడ చుట్టూ గుడ్డ కప్పబోయి ఆగిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆమె మా బాల్కనీలోకి మళ్ళీ వచ్చింది. అంతకుముందు పగటిపూట ఎప్పుడూ రాలేదు. ఎండలో టీవీ వెలుగు బయటికి కనబడదు, అందుకని పగలు ఆ కిటికీలు ఏమీ చెప్పవని ఆమె అనుకునేది. ఇప్పుడు చూస్తే, చక్కటి ఎండ కాస్తున్న వేళ, భవనంలో సగానికి సగం కిటికీలకి తెరలు దగ్గరగా లాగేసి ఉన్నాయి. చీకటి చేసుకుని కూర్చున్నారు.

“అక్కా, ఆదివారం ఎప్పుడూ ఇంతేనా?” అంది.

“చాన్నాళ్ళ నుంచీ ఇంతేనే. ఎండకేమో అనుకున్నాను” అంది అమ్మ.

నాన్నకి జరిగిందంతా చెప్పింది పిన్ని. ఆయన నమ్మలేదు. “నన్ను ఓదార్చకు మరదలా” అన్నాడు. “ఓదార్చడం నా పని కాదు బావా, నీకు తెలుసు” అంది. తెలుసు గానీ, రెండు వారాలు పడ్డ బాధ ఒక్క మాటకి పోదు గదా.

సోమవారం మీటింగు సంగతి ఆమే తర్వాత చెప్పింది. పెద్దాయన రాత్రి లెక్క చదివి, పడవ ముక్కని తీసేయమన్నాడు. పిన్ని తియ్యలేదు. మొదటి భాగానికి వారం లెక్క బుధవారం వస్తుంది, అందాకా ఆగమంది. ఆగితే ఈ శనివారం కూడా పోతుందన్నాడాయన. పోతే పోనివ్వండి అంది. “ఆలస్యం అమృతం విషం అని ఈ గదిలో రోజూ చెప్పింది మీరే గదా మేడమ్” అని ఎవరో అన్నారు. “నిదానమే ప్రధానం అని కూడా ఒక సామెత ఉంది, నేను చెప్పడం మర్చిపోయాను” అంది. అందరూ నవ్వారట. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

“ఒకటి చూసుకోండి” అన్నాడట ఆయన. “జనం ఎప్పుడు పడితే అప్పుడు చూసుకుంటున్నారని మీరే రుజువు చేస్తే, ఇక శనివారానికి ఏది, ఆదివారానికి ఏది అని పేర్చే బోర్డెందుకు? మీరు కూర్చున్న కొమ్మ మీరే నరుక్కుంటున్నారు.”

“అది నిన్న మధ్యాహ్నమే చూసుకున్నానండీ” అంది పిన్ని.

బుధవారం లెక్క వచ్చింది. రాత్రి చూసినవాళ్ళకి మూడింతల మంది తర్వాత చూశారు. ఎక్కువమంది ఆదివారం మధ్యాహ్నమే. పడవ ఆగలేదు. సంతోషం పట్టలేక అమ్మ పిన్నిని పట్టుకుని ఏడ్చేసింది, నేను నా పాత మాటలన్నీ మింగేసి టీ పెట్టాను. నాన్న మాత్రం, “అంకెలు నాకేం తెలుస్తాయి” అని తాడు ముడి వేసుకుంటూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ దేనికోసం తలుపులు తీశాడో ఆ చప్పట్లు చెవిన పడకపోతే మనిషికి నమ్మకం ఎక్కడిది.

పెద్దాయన చెప్పినట్టే జరిగింది. మీటింగు సోమవారం నుంచి గురువారానికి మారింది. రాత్రి లెక్క చూసి వెంటనే తీసేయడం మానుకున్నారు. శనివారం తొమ్మిది గంటలకి పోటీ పడి ఖరీదైనవి వెయ్యడం తగ్గించి, ఆదివారం మధ్యాహ్నానికి తీరిగ్గా కొత్త వరస కట్టారు. బోర్డు మీద ముక్కలు పలచబడ్డాయి. కొన్నాళ్ళకి పిన్నిని ఆ గదిలోంచి మార్చి, యాప్‌లో ముందు ఏది కనబడాలో చూసే చోట కూర్చోబెట్టారు. అట్టముక్కలన్నీ ఒక సంచీలో వేసి ఇంటికి తెచ్చుకుంది. బాధగా ఉందా అని అడిగాను. ఉందంది. దాచుకోలేదు. “పెత్తనం పోయింది, పని మిగిలింది. ఇదివరకు జనం ఎప్పుడు కూర్చోవాలో నేను చెప్పేదాన్ని. ఇప్పుడు వాళ్ళు కూర్చుంటే నేను వెళ్ళి నిలబడుతున్నాను.”

ఈ మార్పులు ఇంకా జరుగుతుండగానే ‘పడవ’ ఎనిమిదో శనివారం వచ్చింది. తొమ్మిది కావస్తుంటే పిన్ని కిందికి దిగింది. చేతిలో టీ కప్పు లేదు, కాళ్ళకి కొత్త చెప్పులు. “అక్కా, పద, అలా నదివైపు తిరిగొద్దాం” అంది. అమ్మ గడియారం చూసింది, పిన్నిని చూసింది, ఒంట్లో బాగుందా అని నుదుటి మీద చెయ్యేసి చూసింది. చివరికి ఇద్దరూ వెళ్ళారు. నాన్న, నేను కూర్చుని చూశాం. తన సీను వచ్చినప్పుడు నాన్న తలుపు దగ్గర నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన నిజంగానే బాగా చేశాడు. కూతురిని కాబట్టి అనడం లేదు, కూతురిని కాబట్టే కాస్త తగ్గించి చెప్తున్నాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పిన్ని వచ్చి టీవీ ముందు సోఫాలో కూర్చుంది. ఆఖరి భాగం ఆఫీసులో ముందే చూడమని ఇచ్చారట, చూడలేదట. నాన్న పొద్దుట్నుంచీ ఆగలేకపోతున్నాడు. ఎవరితోనైనా చెప్పుకోవాలి, వినే మనిషి దొరికింది.

“మరదలా, ఆ చివర్లో సరంగు పడవతో ఏమంటాడో తెలుసా...”

పిన్ని రెండు చేతులతో చెవులు మూసుకుంది.

“బావా, చెప్పకు. నేనింకా చూళ్ళేదు.”

నాన్న అక్కడే ఆగిపోయాడు. ఆమెనే చూస్తూ ఉన్నాడు. ఆయన మొహం మెల్లిగా విచ్చుకుంది, కళ్ళు చెమర్చాయి, వాటిని దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు. తర్వాత లేచి వెళ్ళి బాల్కనీ తెర దగ్గరగా లాగాడు. వచ్చి ఆమె పక్కన కూర్చుని, కథ అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.